మారుతాళము

పిల్లలున్న యిండ్లలో నేడు టెలివిజను ప్రక్కన చిన్న పెట్టె యొకటి తరచుగ కానవచ్చుచున్నది. దానిని కన్సోల్ అందురు. వీడియో ఆట లాడుకొనుటకే నిర్మింపబడిన యంత్రమది. పెట్టె కొనుటతో వ్యయము ముగియదు. ఒక్కొక్క యాటను వేరువేరుగ కొనవలెను. పేరుగల క్రొత్త యాట వెల నాలుగైదు వేల రూపాయలుండుట వింత గాదు. అట్టి తరుణమున మరమ్మతు దుకాణమువాడో, పిల్లవాని స్నేహితుడో మెల్లగ నొక మాట చెప్పును: “పెట్టెలో చిన్న చిప్పు వేయించిన చాలును, ఆపై ఆటలన్నియు ఉచితమే.” ఆ మాట మొదట తల్లి చెవినే పడును. తండ్రి యొద్దకు పోవలసిన విన్నపములన్నియు ముందుగ వంటయింటి గుమ్మమునకే వచ్చును గదా! కావున ఆ చిప్పు ఎట్టిది, అది తెరచు తాళమెట్టిది, తెరచుట న్యాయమా కాదా యను విషయమును ఈ మాసమున సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

మొదట తాళము సంగతి. జపాను దేశపు నిన్టెండో సంస్థ 1983వ సంవత్సరమున ఫామికామ్ అను ఆటపెట్టెను విడుదల చేసినపుడు దానికి తాళము లేదు. ఎవరు చేసిన కార్ట్రిడ్జిని, అనగా ఆటను నిక్షేపించిన డబ్బీని, దానిలో దూర్చినను ఆట నడచెడిది. నడవగా దొంగడబ్బీలును, ఆ పెట్టెకే నకళ్లును దేశదేశముల పుట్టినవి. మన అంగళ్లలో “9999 ఆటలు” అని బొమ్మవేసి యమ్మిన చౌకపెట్టెలును ఆ వంశమువే. అన్ని వేలలో నిజముగ వేరువేరైన యాటలు కొద్దియేయనియు, తక్కినవి పేరు మార్చిన పునరుక్తులేయనియు కొనిన తల్లులకు అనుభవమే.

ఆ సంస్థ 1985లో తన పెట్టెను అమెరికాకు పంపునపుడు జాగ్రత్త పడినది. పెట్టెలో నొక చిప్పు, డబ్బీలో దానికి జోడైన మరియొక చిప్పు నమర్చినది. అవి రెండును ఒకే లెక్కను ఒకే వేగమున చేయుచు, ఒకదానినొకటి సరిచూచుకొనుచుండును. లెక్క తప్పినచో పెట్టె మాటిమాటికి మొదటికి వచ్చుచుండునే గాని యాట సాగదు. దొంగడబ్బీల కిది యడ్డుకట్ట. అయితే ఈ తాళమునకు రెండవ పనియు గలదు. ఇతర సంస్థలు ఆ పెట్టెకు ఆటలు చేయవలెనన్న నిన్టెండో యనుమతి పొందవలెను. డబ్బీలను దానిచేతనే తయారు చేయించుకొనవలెను. ఏటికి అయిదాటలకు మించి వెలువరింపరాదు. అనగా ఒకే తాళము ఇంటికి కాపలాయు నైనది, సంతకు సుంకపు గేటును నైనది. ఈ రెండు పనులను సోదరీమణులు గురుతుంచుకొనవలెను. దీనినుండి పుట్టిన వివాదములన్నియు ఈ రెంటినడుమనే తిరుగుచున్నవి.

ఆ సుంకపు గేటును దాటనెంచిన అటారీ గేమ్స్ అను సంస్థ 1988లో అమెరికా దేశపు కాపీరైటు కార్యాలయమునుండి ఆ తాళపు లెక్క యొక్క ప్రతిని సంపాదించినది. తనపై దావా పడినదనియు, దానికై ప్రతి కావలెననియు చెప్పినది. అప్పటి కట్టి దావాయే లేదు. ఆ ప్రతి సాయమున మారుచిప్పు చేసి డబ్బీల నమ్మినది. 1992లో అప్పీలు న్యాయస్థానము దాని వాదమును త్రోసివేసినది. గేటును ప్రశ్నించుటకు కారణము లుండవచ్చును. అబద్ధమాడి తెచ్చిన చెవితో తెరచుటచే ఆ కారణములకును విలువ లేకపోయినది.

పిమ్మట డబ్బీలు పోయి బిళ్లలు వచ్చినవి. సోనీ సంస్థ 1994లో ప్లేస్టేషన్ అను పెట్టెను తెచ్చినపుడు ఆటలు సీడీ బిళ్లలపై నుండెడివి. సీడీకి నకలు తీయు యంత్రములు అచిరకాలముననే యిండ్లకు వచ్చినవి. సోనీవారి బిళ్లలో మొదటి గాడి కంటి కగపడనంత సన్నముగ అటునిటు కదలును. ఆ కదలికలో నాలుగక్షరముల గురుతు దాగియుండును. ఇంటియంత్రము బిళ్లపై నున్న ఆటనంతయు నకలు తీయును గాని ఆ కదలికను తీయలేదు. ఒకరి చేవ్రాలులోని అక్షరములను చూచి వ్రాయవచ్చును గాని ఆ చేతి యొరవడి రానట్లే యిదియు. మాడ్‌చిప్ అనునది ఇచటనే ప్రవేశించును. పెట్టె విప్పి నాలుగైదు తీగెలతో దీని నతికింతురు. ద్వారపాలకుని చెవిలో సంకేతపదమును ఎడతెగక జపించువానివలె, అది ఆ నాలుగక్షరములను యంత్రమున కందించుచుండును. యంత్రము నకలును అసలుగ నమ్మును.

ఆ నాలుగక్షరములలో మరియొక మర్మము గలదు. జపానుకు, అమెరికాకు, ఐరోపాకు గురుతులు వేరు. అందుచే జపానులో ధర్మముగ వెలయిచ్చి కొనిన బిళ్ల అమెరికా పెట్టెలో నాడదు. మాడ్‌చిప్పు ఈ యడ్డును గూడ తొలగించును. ఆస్ట్రేలియాలో చిప్పుల నమ్మిన యొక వ్యాపారిపై సోనీ వేసిన దావాలో 2005వ సంవత్సరమున ఆ దేశపు హైకోర్టు వ్యాపారి పక్షమున తీర్పు చెప్పినది. నకలు తీయుట పెట్టెలో పెట్టుటకు ముందే ముగిసినది. తాళము నకలు తీయుట నాపుటలేదు, తీసిన నకలు ఆడకుండ చేయుచున్నది. కావున నాటి చట్టము చెప్పిన రక్షణోపాయమిది గాదని న్యాయమూర్తులు తేల్చిరి. మరుసటి యేడే ఆ దేశమున చట్టమును సవరించిరి.

ఇక నేటి కథ. నిన్టెండో డీయస్ అను చేతిపెట్టెకు ఆర్4 అను చిన్న కార్డు వచ్చినది. దానిలో జ్ఞాపకపు చిప్పు పెట్టి వందల యాటలు నింపవచ్చును. 2008లో నిన్టెండోయు, మరి 54 ఆటల సంస్థలును టోక్యోలో దావా వేయగా, 2009లో న్యాయస్థానము ఆ కార్డుల విక్రయమును నిషేధించినది. 2017లో స్విచ్ అను పెట్టె వచ్చినది. దాని మూలచిప్పులో నొక లోపమున్నట్లు 2018లో బయటపడినది. ఆ లోపము చిప్పులో చెక్కబడినదగుటచే అప్పటికే అమ్ముడుపోయిన లక్షలాది పెట్టెలకు మందులేదు. దానిని మొదట వెల్లడించిన పరిశోధకులు ధనమాశింపలేదు. టీమ్ ఎక్స్‌క్యూటర్ అను ముఠా మాత్రము తాళము తెరచు పరికరములను చేసి అంగడిలో పెట్టినది.

ఇచట సోదరీమణులు నవ్వుకొనదగిన విషయ మొకటి గలదు. ఇతరుల తాళములు పగులగొట్టి ధనము గడించిన ఆ ముఠా తన సాఫ్టువేరునకు తానే తాళము వేసినది! వెలయిచ్చి లైసెన్సు కొనినవారికే అది పనిచేయును; ఎవరైన దాని మర్మమును కదలింపబోయినచో పెట్టెనే స్తంభింపజేయు నేర్పాటును అందులో దాచిరి. దొంగసొత్తునకు తాళము వేయువాడు, తాళములు అన్యాయమని వాదింప నెట్లర్హుడగును?

ఆ ముఠా వెబ్‌సైట్ల వ్యవహారము చూచిన కెనడా దేశస్థుడు గారీ బౌజర్ 2020లో డొమినికన్ రిపబ్లిక్‌లో పట్టుబడి, మరుసటి యేడు నేరమంగీకరించెను. 2022 ఫిబ్రవరిలో అమెరికా న్యాయస్థానము 40 మాసముల చెర విధించినది. క్రిమినలు వ్యాజ్యమున 45 లక్షల డాలర్లు, సివిలు వ్యాజ్యమున కోటి డాలర్లు, వెరసి 145 లక్షల డాలర్ల ఋణము తలకెక్కినది. ఏడేండ్లలో అతనికి ముట్టినది మూడు లక్షల ఇరువదివేల డాలర్ల ప్రాంతమని లెక్క. 2023లో విడుదలయ్యెను, రాబడిలో కొంతభాగము ఆ ఋణమునకే పోవలెను. నష్టమునకు శిక్ష తగినదా, మించినదా యన్నచో మేము మించినదనియే యందుము. కాని పిల్లలకు చెప్పదగిన నీతి వేరొకటి గలదు: ఇట్టి వ్యాపారమున లాభము పంచుకొనునప్పుడు పలువురు, ఋణము తీర్చునప్పుడు ఒకడు.

ఇప్పుడు ధర్మసందేహము. “నకలు తీసిన అసలు పోదు గదా, ఎవరి సొమ్ము దొంగిలితిమి?” అని పిల్లలడుగుదురు. ప్రశ్న చిన్నది గాదు. మన పూర్వులు తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాయుట పుణ్యమని యెంచిరి. లేఖకులు రాత్రులు దీపముపెట్టి వ్రాయకున్న మన కావ్యములలో సగము చెదలపాలై యుండెడివి. మరి ఆనాటి పుణ్యము ఈనాటి పాపమెట్లయినది? ఆనాడు కవికి జీవనము ప్రతుల వెలవలన రాలేదు. రాజిచ్చిన అగ్రహారమో, దాత యిచ్చిన సంభావనయో పోషించెడిది. ప్రతి పెరిగినకొలది కవికి కీర్తి పెరిగెడిదేగాని కూడు తరిగెడిది గాదు. నేడు ఆటను చేసినవారికి, అనగా బొమ్మలు గీయువారికి, సంగీతము కూర్చువారికి, లెక్కలు వ్రాయువారికి, ప్రతుల వెలయే జీతము. అందు మన హైదరాబాదు నగరమున పనిచేయు పిల్లలును గలరు. లేఖకుడు ధర్మార్థము ప్రతి వ్రాసెను. చిప్పు అమ్మువాడు తాను చేయని వస్తువునకు వెల పుచ్చుకొనుచున్నాడు. భేదమిదియే.

అట్లని తాళము వేయువారందరు ధర్మరాజులని మేమనము. నిన్టెండో తన వీ యూ, 3డీయస్ పెట్టెల అంతర్జాల దుకాణమును 2023 మార్చి 27న మూసివేసినది. అచట మాత్రమే దొరకిన యాటలు ధర్మముగ కొనగోరువారికిని దొరకుట లేదు. 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన యాటలలో నూటికి 87 నేడు అంగడిలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించినది. అమ్మరు, ఇతరులను దాచనీయరు! తాటాకులను చెదలకు వదలి గదికి తాళమువేసిన చందమిది. అట్టి యాటలను గ్రంథాలయములు కాపాడుటకు చేయు యత్నమును దొంగతనముతో ముడివేయరాదు.

మన దేశపు చట్టము ఈ భేదమును కొంత గుర్తించినది. 2012లో కాపీరైటు చట్టమున చేర్చిన 65ఎ సెక్షను, హక్కును భంగపరచు నుద్దేశముతో తాళము తప్పించిన వానికి రెండేండ్లవరకు చెరయు, జరిమానాయు విధించుచున్నది. ఉద్దేశమను ఆ మాటయే ముఖ్యము. తాను కొనిన ప్రోగ్రాము పాడగునేమోయని రక్షణార్థము ప్రతి తీసికొనుట నేరముగాదని 52వ సెక్షను చెప్పుచున్నది. దొంగప్రతియని యెరిగియు యంత్రమున వాడుట మాత్రము 63బి సెక్షను ప్రకారము నేరము. వ్యాపారలాభమునకు కానిచో చెర మాని, 50 వేల వరకు జరిమానాతో సరిపెట్టు అధికారము న్యాయస్థానమునకు గలదు.

ఉపాధ్యాయుని జీతముతో ఇల్లు దిద్దుకొనువారము గనుక నాలుగైదు వేల వెల యొక్క బరువు మేమెరుగుదుము. కాని ధర్మమార్గము మూసికొనిపోలేదు. క్రొత్త యాటకు ఏడాది ఓపిక పట్టినచో వెల చాలవరకు తగ్గును. డబ్బీగనో బిళ్లగనో కొనిన యాటను ఆడిన పిమ్మట స్నేహితులు మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. ఉచితముగ నిచ్చు ఆటలును గలవు. వాడిన పెట్టెను కొనునపుడు అది విప్పి చిప్పు వేసినదేమో తెలిసినవారిచే చూపించుకొనుడు. 2009లో మైక్రోసాఫ్టు సంస్థ ఇట్టి ఎక్స్‌బాక్స్ పెట్టెలను లక్షల కొలదిగ తన అంతర్జాల సేవనుండి వెలివేసినది. నిన్టెండో 2025లో స్విచ్ 2 పెట్టెల విషయమునను అటులే చేసినది. వెలిపడిన పెట్టెను తెలియక కొనిన తల్లికి దిక్కెవరు?

పిల్లవాడు చిప్పు కోరిన దినమున కోపింపక, రెండు ప్రశ్నలడుగుడు: “ఈ తాళము తీసిన ఎవరి జీతము పోవును? తీయుమని చెప్పువాని కేమి ముట్టును?” ఈ రెంటికి బిడ్డ తనంతట తాను సమాధానము వెదకినచో ఏ చిప్పును వానిని లోపరచుకొనజాలదు. ఇంటి పెట్టెకు తాళము వేసిన సంస్థ ఏనాడో మూతపడవచ్చును. ఆ వివేకము మాత్రము వానికి జీవితాంతము తోడుండును.