నర్సింగు చదువూ, ప్రకృతి ప్రత్యయాలూ

తెలుగులో ‘తప్పు’ అనే ధాతువు చిత్రమైనది. దారి తప్పాడంటే ఒక అర్థం, మాట తప్పాడంటే మరొకటి, కోడలు నెల తప్పిందంటే ఇంటిల్లిపాదికీ పండుగ. కాని ఆడపిల్ల పరీక్ష తప్పిందన్న వార్త మన వీధిలో నాలుగు గుమ్మాలు దాటేసరికి ఆ క్రియ కాస్తా నామవాచకమై కూర్చుంటుంది. పరీక్ష తప్పిన పిల్ల తప్పు చేసిన పిల్ల అయిపోతుంది. అందునా ఊరు విడిచి, హాస్టలులో ఉండి, నర్సింగు చదవబోయి మధ్యలో తిరిగివచ్చిన పిల్ల అయితే ఇక చెప్పనక్కరలేదు.

నా వద్ద పదవ తరగతి వరకు తెలుగు చదువుకొన్న ఒక అమ్మాయి ఇలాగే తిరిగివచ్చింది. బీఎస్సీ నర్సింగు మొదటి సెమిస్టరులో అనాటమీ, ఫిజియాలజీ రెండూ పోయాయి. సప్లిమెంటరీలోనూ పోయాయి. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, ఇప్పుడు మళ్ళీ చేరింది. చేరడం మంచిదా కాదా అని వాళ్ళ నాన్నగారు నన్ను అడిగినప్పుడు చేరవలసిందేనన్నాను. ఎందుకన్నానో కాస్త వివరంగా వ్రాయాలనిపించి ఈ టపా.

ఆ పిల్ల ఇంటర్మీడియెట్ బైపీసీ తెలుగు మాధ్యమంలో చదివింది. తెలుగు అకాడమీ పుస్తకాలు చూసినవారికి తెలిసే ఉంటుంది, గుండెలో కర్ణికలు, జఠరికలు; రక్తనాళాల్లో ధమనులు, సిరలు. ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే తడుముకోకుండా గుర్తిస్తుంది. నర్సింగు తరగతిలో అడుగుపెట్టేసరికి కర్ణిక ఏట్రియం అయింది, జఠరిక వెంట్రికిల్ అయింది, ధమని ఆర్టరీ అయింది. గుండె అదే, చదివిన పిల్లా అదే. మధ్యలో ఉన్న పేర్లన్నీ ఒక్క వేసవి సెలవుల్లో మారిపోయాయి. దీనిని ఆమె తెలివితక్కువతనమంటే నేను ఒప్పుకోను.

భారత నర్సింగు మండలి 2021లో సవరించిన నిబంధనలలో ఒక విశేషమున్నది. ఇంగ్లీషులో ఉత్తీర్ణతకు నూటికి నలభై చాలు. అనాటమీ వంటి ప్రధాన విషయాలలో యాభై రావాలి, అదీ సిద్ధాంతంలో విడిగా, ప్రాక్టికల్సులో విడిగా. ఇంగ్లీషుకు నలభై చాలునన్న దయ బాగానే ఉన్నది కాని, ఆ యాభై తెచ్చుకోవలసింది కూడా ఇంగ్లీషులోనే కదా! ముందు తలుపు సగం తెరిచి లోపలి గదికి తాళం వేసినట్లున్నది నాకు.

అంతమాత్రాన యాభైని నలభై చేయమని నేననను. ఈ విషయంలో కొందరు మిత్రులతో నాకు పేచీ. పల్లెటూరి పిల్లలు, పేదపిల్లలు, కొంచెం చూసీ చూడనట్లు పోవచ్చు గదా అంటారు. పోకూడదు. ఒక రోగికి 500 మిల్లీలీటర్ల సెలైను నాలుగు గంటలలో ఎక్కించమని వైద్యుడు వ్రాశాడనుకుందాము. ఒక మిల్లీలీటరుకు ఇరవై బొట్లు పడే సెట్టయితే మొత్తం పదివేల బొట్లు, 240 నిమిషాలు, అంటే నిమిషానికి సుమారు 42 బొట్లు. ఈ లెక్క రాత్రి రెండు గంటలకు, నిద్రకళ్ళతో, పక్క మంచం రోగి పిలుస్తూండగా వేయాలి. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ వేయింతల తేడా. దానికి సగం మార్కులు వేయడమనేది ఉండదు. అందుచేత గీత అక్కడే ఉండనివ్వండి. గీత దాకా నడిపించే బాధ్యత ఎవరిదన్నదే నా ప్రశ్న.

సాయంత్రాలు ఆ అమ్మాయి పుస్తకం పట్టుకుని మా ఇంటికి వస్తే నేను చేసింది ఒకటే. నాకు వైద్యం తెలియదు, తెలిసినదల్లా వ్యాకరణం. కాబట్టి మాటలను విడగొట్టాము. “అమ్మా, ఇది మనకు తెలియని విద్యేమీ కాదు, ప్రకృతి ప్రత్యయాలే” అన్నాను. ‘ఐటిస్’ అన్న ప్రత్యయం చేరితే వాపు. ‘హెపాట్’ కాలేయం గనుక హెపటైటిస్, ‘నెఫ్ర్’ మూత్రపిండం గనుక నెఫ్రైటిస్, ‘గాస్ట్ర్’ జీర్ణాశయం గనుక గ్యాస్ట్రైటిస్. ‘ఆల్జియా’ చేరితే నొప్పి, ‘ఎక్టమీ’ చేరితే కోసి తీసివేయడం. ఇరవై ప్రకృతులూ పది ప్రత్యయాలూ వస్తే వందల మాటలు బట్టీ పట్టనక్కరలేకుండా విచ్చుకొంటాయి.

ఆ తరువాత ఉపసర్గలు. ఇక్కడ నాకే ఉత్సాహం వచ్చిందని చెప్పాలి. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. పరీక్షల్లో పిల్లలు తారుమారు చేసేది ఈ రెండింటినే. గ్రీకువారి హైపర్, మన ‘ఉపరి’ ఒక తల్లి బిడ్డలు. వారి హైపో, మన ‘ఉప’ కూడా అంతే. ఉపరితలం పైనుండేది, ఉపప్రధాని ప్రధాని కింద ఉండేవాడు. ఇలా చెప్పాక ఆ పిల్ల మళ్ళీ పొరపడలేదు. ఎముకకు ఆస్టియో అంటే మన అస్థి, పంటికి డెంటల్ అంటే మన దంతం, ముక్కుకు నేసల్ అంటే మన నాసిక. “మాస్టారూ, ఇవన్నీ మన మాటలే కదండీ!” అన్నది. పూర్తిగా మనవి కావు, దాయాదులవి అన్నాను.

హారమనే మాటకు ముందు ‘ఆ’ చేరితే భోజనం, ‘సం’ చేరితే చావు. హైపోగ్లైసీమియాకూ హైపర్‌గ్లైసీమియాకూ ఉన్న దూరం సరిగ్గా అంతే. రక్తంలో చక్కెర పడిపోయిన రోగికి పొరపాటున ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. భాష నేర్పడమంటే అలంకారాలు నేర్పడమేనని నవ్వేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలుననుకొంటాను.

చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగు. ఉపచారం తెలిసి ఉండడం, దక్షత, అనురాగం, శుచి. మూడుగంటల వ్రాతపరీక్ష వీటిలో మొదటిదాన్ని మాత్రమే కొలవగలదు, అదీ కొంతమేరకే. ఈ అమ్మాయి అప్పుడు కూడా ప్రాక్టికల్సులో తప్పలేదు. పక్క మార్చడం, రోగిని ఒత్తిగిలించడం, పుండు శుభ్రం చేయడం చక్కగా వస్తాయని వార్డు సిస్టరు మెచ్చుకొన్నదట. నాలుగింట మూడు చేతిలో ఉన్న పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం ఏ లెక్కన లాభమో నాకు బోధపడదు.

నాలుగేళ్ళ ఈ చదువు ముగించడానికి ఆ నిబంధనలే గరిష్ఠంగా ఎనిమిదేళ్ళ గడువు ఇచ్చాయి. అంటే పిల్లలు తప్పుతారనీ, తిరిగి వ్రాస్తారనీ వ్రాసినవారికి ముందే తెలుసు. తెలియనిది మనకే. ఎనిమిదేళ్ళ మాట చెబితే వాళ్ళ మేనత్త, “అన్నేళ్ళు చదివితే పెళ్ళెప్పుడు చేస్తారు అన్నయ్యగారూ?” అన్నది. ఆ రెండేళ్ళు చదువూ లేక పెళ్ళీ కాక గడిచినప్పుడు ఆమెకు ఈ సందేహం రాలేదు.

సర్టిఫికెట్ల సంగతి ఒకటున్నది. మధ్యలో మానేసినప్పుడు పక్క ఊళ్ళో డిగ్రీలోనైనా చేరదామంటే, మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కడితేనే అసలు ధ్రువపత్రాలు ఇస్తామన్నారు. అసలు పత్రాలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే ప్రకటించింది. ఆ కాగితం గురించి తెలిసినవాడు ఆ ఇంట ఎవరూ లేకపోయారు. పిల్లలు ఆగిపోయిన మీలో ఎవరికైనా ఇది పనికివస్తుందని ప్రస్తావించాను.

నర్సింగు కళాశాలలు మొదటి నెల పాఠాలు ఆపి, తెలుగు మాధ్యమం పిల్లలకు ఈ పదనిర్మాణం తెలుగులోనే చెప్పించవచ్చు. ఖర్చేమీ లేదు, ఒక నల్లబల్ల, రిటైరైన ఒక తెలుగు పంతులు చాలు. మాలో చాలామందికి సాయంత్రాలు ఖాళీయే. మేమిద్దరం ప్రస్తుతం రక్తానికి సంబంధించిన ‘హీమో’ పదాల దగ్గర ఉన్నాము. పరీక్ష వచ్చే నెలలో.