చెత్త సంపదైతే హక్కు ఎవరిది?

నగరాల చెత్తకు ఇప్పుడు ‘వనరు’ అనే గౌరవం దక్కింది. తడి చెత్త నుంచి కంపోస్టు, బయోగ్యాస్. పొడి చెత్త నుంచి ప్లాస్టిక్, కాగితం, లోహాలు. మిగిలినదాని నుంచి విద్యుత్తు. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో, గుంటూరులో, విశాఖలో చెత్తను మండించి కరెంటు తీసే ప్లాంట్లు వచ్చాయి. ప్రభుత్వాలు దీన్ని కొత్త వ్యాపార అవకాశంగా చూపుతున్నాయి. మురికిగా ఉన్నంతకాలం కులానికి అప్పగించిన ఈ పని, లాభంగా మారగానే ఎవరి చేతికి పోతోంది?

పారిశుద్ధ్యం మన సమాజంలో ఇష్టపడి ఎంచుకున్న వృత్తి కాదు. ఉత్తరాంధ్రలో రెల్లి, హైదరాబాద్‌లో మెహతర్, రెండు రాష్ట్రాల్లోనూ మాదిగ కులాలపై ఆ పనిని తరతరాలుగా మోపారు. కార్పొరేషన్ జీతాల జాబితాకు బయట, కుప్పల్లో సీసాలు, అట్టలు, ఇనుము ఏరి కిలోల లెక్కన అమ్ముకునేవారిలోనూ అత్యధికులు అణగారిన కులాలవారే. రీసైక్లింగ్ పరిశ్రమకు దశాబ్దాలుగా ముడిసరుకు అందించింది ఆ చేతులే.

మన ఇళ్ల చెత్తలో సగానికి సగం తడి చెత్తే. అది సరిగా మండదు. కొలిమికి వేడి కావాలంటే కాగితం, ప్లాస్టిక్ కావాలి. చెత్త ఏరేవారి బతుకుతెరువు కూడా అవే. అంటే విద్యుత్ ప్లాంటు వారికి నేరుగా పోటీదారు. పైగా టెండర్లలో అడిగే టర్నోవరు, ధరావతు నిబంధనలు వారిని గుమ్మం దగ్గరే ఆపేస్తాయి.

చట్టం వారిని పూర్తిగా మరచిపోలేదు. చెత్త ఏరేవారిని గుర్తించి వ్యవస్థలో భాగం చేయాలని 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్థానిక సంస్థలను ఆదేశించాయి. కానీ ప్లాస్టిక్ ప్యాకింగ్‌పై ఉత్పత్తిదారుల బాధ్యతను నిర్ణయించిన 2022 మార్గదర్శకాల ప్రకారం, కంపెనీలు డబ్బు పెట్టి కొనే సర్టిఫికెట్లు రిజిస్టరైన ప్రాసెసింగ్ సంస్థలకే పుడతాయి. ఆ ప్లాస్టిక్‌ను కుప్పలోంచి తీసిన మనిషికి ఆ ఖాతాలో పద్దు లేదు.

పుణె మరో దారి చూపింది. అక్కడ చెత్త ఏరేవారు 1993లో సంఘం పెట్టుకున్నారు. 2008లో ‘స్వచ్ఛ్’ సహకార సంస్థగా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఇంటింటి రుసుము వారికే అందుతుంది. పొడి చెత్తను అమ్ముకునే హక్కూ వారిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో వచ్చిన చెత్తపన్నుపై పెద్ద రచ్చే జరిగింది. 2024లో అది రద్దయింది. ఆ వివాదమంతా ఎవరు కట్టాలన్నదానిపైనే నడిచింది. కట్టిన డబ్బు ఎవరికి చేరాలని అడిగినవారు అరుదు.

ఇలా హక్కులిస్తే దళితులను మళ్లీ చెత్తకే కట్టేసినట్టు కాదా అనే అభ్యంతరం న్యాయమైనదే. అయితే కుల కట్టడి వేరు, యాజమాన్యం వేరు. ఒట్టి చేతులతో కుప్పలు కెలికే మనిషికి బయటపడే దారి లేదు. వేరుచేసే షెడ్డు, బేళ్లు కట్టే యంత్రం తమవైతే, దళారి లేకుండా మిల్లు ధర దక్కితే, పిల్లలను చదివించి ఆ పని నుంచే తప్పించే శక్తి వస్తుంది. చెత్త పనిని పవిత్రమంటూ పొగిడే స్వచ్ఛ ప్రచారాలు ఇవ్వలేనిది ఆ శక్తినే.

కాబట్టి పొడి చెత్తపై తొలి హక్కును కార్మికుల సహకార సంఘాలకు రాసివ్వాలి. వార్డుకొక షెడ్డుకు మున్సిపల్ స్థలం కేటాయించాలి. ప్లాస్టిక్ సర్టిఫికెట్ల సొమ్ములో వారి వాటాను నిబంధనల్లోనే చేర్చాలి. ఎస్సీ కార్పొరేషన్ల రుణాలు వ్యక్తులకు ఒక్కో ఆటో ఇచ్చి ఆగిపోకుండా సంఘాల యంత్రాలకూ అందాలి. దుర్గంధాన్ని కులానికి పంచి లాభాన్ని కంపెనీకి పంచే ఏర్పాటును వనరుల పునరుద్ధరణ అనలేం. అది పాత వర్ణధర్మానికి కొత్త టెండరు.