జవాబు బాకీ

"మీ ఊరి పేరు కామెంట్‌లో పెట్టండి." "ఇడ్లీయా, దోశా? చెప్పండి చూద్దాం." "స్వామి భక్తులైతే ఒక్క లైక్ కొట్టి వెళ్లండి." ఏ రీల్ తెరిచినా చివర ఇదే వరస. అడిగినవాళ్లకు మన ఊరితో పనిలేదు, మన టిఫిన్‌తో అసలే లేదు. వేలమంది ఊరి పేర్లు రాసిపోతారు. వాటిలో ఒక్కటైనా అడిగినాయన చదివాడన్న ఆనవాలు కనిపించదు. అయినా ఆ నెల ‘ఎంగేజ్‌మెంట్’ పెరిగిందని ఆయన సంబరపడతాడు.

ఆయన్ని ఒక్కణ్ణే తప్పుపట్టి లాభం లేదు. ఏ పోస్టు ఎంతమంది కళ్లబడాలో తేల్చేది దాన్ని చూపించే సామాజిక మాధ్యమ వేదికే. లైకులు, కామెంట్లు ఎన్ని వచ్చాయన్నది దానికి పెద్ద కొలమానం. ఇలా అడుక్కునే పోస్టులను వెనక్కి నెడతామని 2017 డిసెంబరులో ఫేస్‌బుక్ ప్రకటించింది. మరుసటి నెలలోనే, మనుషుల మధ్య అర్థవంతమైన మాటామంతీ పెంచే పోస్టులకు పెద్దపీట వేస్తామంది. వినడానికి బాగానే ఉంది. కానీ నలుగురు కూర్చుని కబుర్లాడుకున్నారా, జుట్లు పట్టుకున్నారా అన్నది యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఆ రోజుల్లో కోపం బొమ్మ సహా ఎమోజీలకు మామూలు లైకు కన్నా 5 రెట్ల విలువ కట్టారన్న సంగతి, ఆ సంస్థ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల వల్ల 2021లో లోకానికి తెలిసింది. కోపానికి కట్టిన విలువను 2020లో సున్నాకు దించారు. అప్పటికే పేజీలు నడిపేవాళ్లకు కిటుకు అంతుబట్టింది. హీరోల అభిమానుల మధ్య ఓ పుల్ల, కులాల మధ్య ఓ పుల్ల, రెండు రాష్ట్రాల మధ్య ఓ పుల్ల వేస్తే చాలు, కామెంట్లు వాటంతటవే వచ్చిపడతాయి.

చదివేవాళ్లతో చుట్టరికం కలుపుకోవడం తెలుగు పత్రికలకు పాత విద్యే. రచయిత్రి మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలుపెట్టిన ‘ప్రమదావనం’ శీర్షిక నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంటింటి సందేహం మొదలుకొని సంసారంలో చిక్కులు, లోకం పోకడ దాకా పాఠకులు ఏదడిగినా ఆమె జవాబు చెప్పేవారు. అక్కడ ప్రశ్న పుట్టింది పాఠకురాలి ఇంట్లో. కార్డు ముక్క కొని, రాసి, పోస్టు డబ్బాలో వేసి, వారాల తరబడి ఎదురుచూసే ఓపిక ఉన్న ప్రశ్న అది. ఇప్పుడు ప్రశ్న వీడియో తీసినవాడిది, జవాబు చూసేవాడిది. తలకిందులైంది ఇక్కడే. చూసేవాళ్లు అడగని ప్రశ్నలు వీడియో తీసేవాళ్లు వేస్తున్నారు, చూసేవాళ్లు అడిగినవాటిని వదిలేస్తున్నారు.

ఇప్పుడు కూడా నిజమైన ప్రశ్నలు రాకపోలేదు. 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అలాంటి వేళ ఎవరైనా మందుల గురించి వీడియో పెట్టారనుకోండి. దాని కింద "సూపర్ అన్నా" అని వెయ్యి కామెంట్లు, "మేం రెండుసార్లు కొట్టాం, పురుగు చావలేదు, పూత మొత్తం రాలింది" అని ఒకటి వచ్చాయనుకోండి. విలువైనది ఆ ఒక్కటే. దాన్ని పట్టుకుని ఏ మందు, ఎంత మోతాదు, ఏ పూట కొట్టారని ఆ రైతును అడగాలి. తెలియకపోతే వ్యవసాయ శాస్త్రవేత్తను కనుక్కుని చెప్పాలి. ముందు చెప్పింది తప్పని తేలితే ఆ దిద్దుబాటును కామెంట్లలో అన్నిటికన్నా పైన పిన్ చేయాలి. ఆ రైతు ఇక ఆ ఛానెల్‌ను మరిచిపోడు. పక్క చేను రైతుకూ చెబుతాడు.

లక్షల మంది ఫాలోవర్లున్నవాళ్లు అందరికీ జవాబెలా ఇస్తారని అడగొచ్చు. అందరికీ ఇవ్వనక్కర్లేదు. వారపత్రికకైనా ఉన్నవి కొన్ని పేజీలే కదా. వచ్చినవి చదివి, పదిమంది అడిగినదాన్ని ఏరి, వచ్చే వీడియోలో చెబితే మిగతా తొమ్మిది మందికీ అందినట్టే. బూతులు తిట్టేవాళ్లకు జవాబు బాకీ ఏమీ లేదు, వాళ్లను బ్లాక్ చేస్తే పోయేదేమీ లేదు. మర్యాదగా తప్పు చూపినవాణ్ణి కూడా ఆ గుంపులో కలిపేసి కామెంట్ తీసేసేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వీడియోను మనసుపెట్టి చూసినవాడు అతనొక్కడే అయ్యుంటాడు.

ఇంత కష్టపడి సంపాదించుకున్న నమ్మకానికి బజారులో ధర ఉంది. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు యూట్యూబర్ల మీద, సినిమా, టీవీ నటుల మీద కేసులు పెట్టారు. ఆ కేసుల్లో ఎవరు దోషులో కోర్టులు తేలుస్తాయి. కానీ ఆ యాప్‌లవాళ్లు యూట్యూబర్ల గడప ఎందుకు తొక్కారో తెలుసుకోవడానికి కోర్టు అక్కర్లేదు. గోడమీది పోస్టర్ చెబితే వినని కుర్రాడు, రోజూ ఫోన్‌లో "తమ్ముళ్లూ" అని పలకరించే అన్న చెబితే వింటాడు. కంపెనీ కొనుక్కునేది ఆ ‘అన్న’ అన్న పిలుపునే. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రచారాన్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. డబ్బో, బహుమతో తీసుకుని చేసిన ప్రచారమైతే ఆ సంగతి అందరికీ తెలిసేలా చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

చట్టం భయం ఉండాల్సిందే. అయితే అంతకుముందే ప్రచారం చేసేవాళ్లు తమను తాము అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ సరుకు కొని నష్టపోయిన మనిషి రేపు కామెంట్‌లోకి వచ్చి "అన్నా, నువ్వు చెప్పావనే కొన్నాను" అంటే ఏం జవాబు చెబుతాను? చెప్పడానికి మాట లేకపోతే ఆ డబ్బు ముట్టుకోకూడదు. డిస్క్రిప్షన్‌లో కంటికానని అక్షరాలతో ‘పెయిడ్ ప్రమోషన్’ అని రాస్తే చట్టం మాటేమో గానీ, ఆ మనిషికి మాత్రం అది జవాబు కాదు.

ఎవరైనా తమకు ఇన్ని లక్షల మంది ఫాలోవర్లున్నారని చెబితే నేను ఆ అంకెను పట్టించుకోను. ఆ ఫాలోవర్ల మాట విని కిందటి నెలలో మీరు ఏం మార్చుకున్నారని అడుగుతాను. ఒక్కటైనా చెప్పగలిగితే వాళ్లకు మనుషులున్నట్టు. లేకపోతే ఉన్నది అంకె ఒక్కటే.