మన దరువు మనకే బిట్టు ప్రశ్నా?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ గల్లీల్లో, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద పొద్దుగాల నుంచి రాత్రి దాకా మన పిల్లలు పుస్తకాలు పట్టుకొని కూర్చుంటున్నారు. పాలమూరు నుంచి, ఆదిలాబాదు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళ గ్రూప్స్ సిలబస్‌లో తెలంగాణ సంస్కృతి, కళలు, సాహిత్యం అనే భాగం ఉన్నది. అందుకోసం ఏం బట్టీ పడుతున్నారు? చిందు భాగవతం ఆడే కులం ఏది? కిన్నెరకు మెట్లు ఎన్ని? డప్పు దేనితో చేస్తారు? నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తుపెట్టమంటారు. తాత కొట్టిన డప్పు మనవడికి ఒక మార్కు ప్రశ్న అయింది!

ఆ మనవడు పండుగకు ఊరికి పోతే, అదే డప్పు ఫలానా ఆసామి చావుకు కొట్టాలని కబురు వస్తది. పుస్తకంలో అది సంస్కృతి. ఊళ్ళో అది వెట్టి. ఈ రెండు మాటల నడుమ ఉన్న మోసాన్ని బయటికి లాగడానికే మేము ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ - ఈ మూడు పేటలు కలిపి తిరిగితే రెండు గంటల నడక. ఆ నడకలో సంగీతం ఉన్నది, బట్టల ఫ్యాషన్ ఉన్నది, బొమ్మలున్నాయి, చెప్పులున్నాయి. ఇదంతా ఎవరి చేతుల నుంచి వచ్చిందని అడుక్కుంటూ పోతే మాకు దొరికిన సంగతులు ఇవి.

మొదటిది సంగీతం. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉన్నది. అక్కడ మృదంగం మోగితే సభ తల ఊపుతది. ఆ మృదంగం మూతికి బిగించింది ఏమిటి? ఆవు తోలు, మేక తోలు. లాగి కట్టింది గేదె తోలు వారుతో. ఆ తోలు ఎవరు తెచ్చారు, ఎవరు నానబెట్టారు, ఎవరు కోసి బిగించారు? టి.ఎం. కృష్ణ అనే కర్ణాటక సంగీత విద్వాంసుడు, తాను బ్రాహ్మణుడై ఉండీ, 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అని పుస్తకం రాసిండు. మృదంగాలు చేసే వాళ్ళ చరిత్ర అది. వాళ్ళలో ఎక్కువ మంది దళిత క్రైస్తవులు. చెన్నైలో కళాక్షేత్ర ఆ పుస్తకం ఆవిష్కరణకు ముందు హాలు ఇస్తామని, తర్వాత ఇవ్వమని చెప్పింది. తోలు వేదిక ఎక్కొచ్చు, తోలు మీద దరువు వెయ్యొచ్చు, తోలు చేసిన మనిషి పేరు మాత్రం వేదిక ఎక్కకూడదు!

మృదంగం కూడా తోలే, డప్పు కూడా తోలే. ఒకటి శాస్త్రీయం, ఒకటి జానపదం ఎట్లా అయింది? డప్పుకు లెక్క లేదా? కుడిచేతి చిర్రకు ఒక పని, ఎడమచేతి సిటికెన పుల్లకు ఒక పని. పెళ్ళికి ఒక దరువు, చావుకు ఒకటి, జాతరకు ఒకటి, సాటింపుకు ఒకటి. చెవితో విని ఏ సందర్భమో ఊరంతా చెప్పగలిగేంత లెక్క ఉన్నది. పుస్తకం రాసుకునే చదువు మనకు అందనియ్యలేదు, కాబట్టి శాస్త్రం లేదన్నారు. ఇదెక్కడి న్యాయం?

కిన్నెర సంగతి చూడండి. ఎండిన సొరబుర్రలు, వెదురు గడ, తేనె మైనంతో అతికించిన మెట్లు. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో వినిపించిండు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తున్న బొమ్మ పత్రికల్లో వచ్చింది. మెడల్ ఇంట్లో, మనిషి అడ్డా మీద! ‘బలగం’ సినిమా 2023లో వచ్చి ఊరూరా జనాన్ని ఏడిపించింది. చివర్లో పాడిన బుడగ జంగాల కళాకారుడు మొగిలయ్య 2024 డిసెంబరులో జబ్బుతో పోయిండు. మన గొంతుకు చప్పట్లు కొట్టే సమాజం, ఆ గొంతు ఉన్న మనిషికి రోజూ అన్నం, మందు, ఇల్లు దొరుకుతున్నాయా అని అడగదు.

రెండోది బట్టలు. ఫ్యాషన్ అంటే డబ్బున్నోళ్ళ సోకు అని మనలోనే కొందరంటారు. కాదు. మన దేశంలో బట్ట మీద చట్టం రాసింది మనువు. మనుస్మృతి 10వ అధ్యాయం చూడండి: చండాలురు శవాల మీది బట్టలు కట్టాలె, పగిలిన కుండల్లో తినాలె, ఇనుప నగలే పెట్టుకోవాలె. ఇంతకంటే పాత ‘డ్రెస్ కోడ్’ ఇంకేమున్నది? అందుకే బాబాసాహెబ్ 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టినప్పుడు, అక్కడికి వచ్చిన ఆడవాళ్ళతో చీర కట్టు గురించి మాట్లాడిండు. అంటరానివాళ్ళని గుర్తుపట్టేటట్టు ఉండే ఆ కట్టు మానండి, ఆ బరువు నగలు తీసెయ్యండి, శుభ్రంగా నిండుగా కట్టుకోండి అని చెప్పిండు. ఆయన చూపులో చీర కుచ్చిళ్ళు కూడా రాజకీయమే.

నారాయణగూడ షోరూముల్లో మన పిల్లవాడు ఇస్త్రీ చొక్కా, జీన్స్ పాంటు, బూట్లు కొంటే, దాని విలువ ఊళ్ళో తెలుస్తది. చుండూరు మరువద్దు. 1991లో సినిమా హాల్లో చదువుకున్న దళిత పిల్లవాడి కాలు అగ్రకులపోడికి తగిలిందన్న గొడవతో మొదలై, ఆగస్టు 6న 8 మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. అందరూ బయటికొచ్చారు. టికెట్టు కొనుక్కొని, మంచి బట్టలేసుకొని, కాళ్ళు చాపుకొని పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి చూసి ఓర్వలేని కడుపుమంట అది. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు టాకీసుల్లో ఈ రోజు పక్కపక్కన కూర్చొని ఈల వేస్తున్న పిల్లలకు ఆ సీటు ఎంత నెత్తురు మీద వచ్చిందో చెప్పాలె.

మూడోది చెప్పులు. మన ముత్తాతలు కిర్రు చెప్పులు కుట్టారు. కుట్టినవాడు ఆ చెప్పులు తొడుక్కొని దొర గడి ముందు నడవకూడదు, చేతిలో పట్టుకొని పోవాలె. 2016 జులైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళితులను కట్టేసి కొట్టారు. 2025 జూన్‌లో ఇటలీ మిలాన్ నగరంలో ప్రాడా అనే కంపెనీ, కొల్హాపురి చెప్పుల వంటివే తన షోలో నడిపించింది. మొదట తోలు చెప్పులు అన్నదే తప్ప, ఎవరి పని అన్నది చెప్పలేదు. కొల్హాపురికి 2019లోనే భౌగోళిక గుర్తింపు ఉన్నది కాబట్టి కారీగర్లు లేచి నిలబడ్డారు, గోల చేశారు. అప్పుడు కంపెనీ ఒప్పుకున్నది. అదే ఏడు డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక చర్మకార సంస్థలతో ఒప్పందం చేసుకొని, 2000 జతలు చేయిస్తామని, జత దాదాపు 800 యూరోలని ప్రకటించింది. అంటే మన లెక్కలో 80 వేల పైమాటే.

దీంట్లో పాఠం ఏమిటి? మనం కుడితే కులవృత్తి, వాళ్ళు అమ్మితే డిజైన్. తోలు కంపు అన్నవాళ్ళకే తోలు మీద లాభం కనపడ్డది. ఇంకో పాఠం కూడా ఉన్నది: గుర్తింపు కాగితం, సంఘం, నోరు - ఈ మూడూ ఉన్నచోట కంపెనీ దిగొచ్చింది. మన కిర్రు చెప్పులకు, మన డప్పులకు ఆ మూడూ ఎప్పుడు?

నాలుగోది బొమ్మ. ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువ మంది జనం సొంత చందాలతో నిలబెట్టుకున్న శిల్పం ఏది? ఆర్ట్ గ్యాలరీలకు పోయి వెతకక్కరలేదు. మన వాడ మూల మీద నీలం కోటు, ఎర్ర టై, చంకలో రాజ్యాంగం, చాచిన వేలు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల విగ్రహం లేచింది, దాని శిల్పి రామ్ సుతార్ పేరు లోకానికి తెలుసు. సిమెంటుతో వాడవాడకూ బొమ్మ పోసిన మేస్త్రీ పేరు ఎవరికీ తెలియదు. ఆ మేస్త్రీ కూడా శిల్పే. శవాల బట్టలు కట్టమన్న మనువుకు ఆ నీలం కోటే జవాబు. అందుకే రాత్రిపూట చెప్పుల దండ వేసేవాళ్ళు ఆ బొమ్మకే వేస్తారు. మరాఠీ చిత్రకారుడు సవి సావర్కర్ మెడలో కుండ, వెనక చీపురు ఉన్న మనిషిని గీసి ఆ చరిత్రను కాన్వాసు ఎక్కించిండు. మన పిల్లల్లో బొమ్మలు గీసేవాళ్ళు అది చూడాలె.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తది. కళ అందరిదీ కదా, కులం ఎందుకు తెస్తారు? అయ్యా, కులం మేము తేలేదు. డప్పు మోయడానికి కులం అడిగింది మీరు. చిందు ఆడేవాళ్ళను ఊరి బయట దించింది మీరు. బరువు మోసేటప్పుడు కులానిది, పేరొచ్చేటప్పుడు అందరిదీనా?

ఇంకో ప్రశ్న మనవాళ్ళదే. డప్పు బానిసత్వం గుర్తు, పారెయ్యాలె అని కొందరు. డప్పు ఆయుధం, పట్టుకోవాలె అని కొందరు. ఊళ్ళో చావుకు కొట్టమని ఎదురు తిరిగి దెబ్బలు తిన్న పిల్లలదీ న్యాయమే. గోచీ, గొంగడి, గజ్జెలతో జనాన్ని లేపిన గద్దర్ వంటి వాళ్ళ దారీ న్యాయమే. చెన్నైలో 2018 నుంచి క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ పిల్లలు పరై డప్పును గిటారు పక్కన పెట్టి పాడుతున్నారు. ఇదే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్ మిత్ర మండలి పెట్టి, హరికథనే మన వాడల్లో చైతన్యానికి వాడుకున్నడు. వాద్యానికి కులం లేదు. ఎవరి హుకుం మీద కొడుతున్నం, ఏం కూలికి కొడుతున్నం, వద్దనే హక్కు ఉన్నదా లేదా - తేల్చుకోవాల్సింది ఇది.

మన ఇంట్లో చెత్త కూడా ఊడవాలె. డక్కలి, చిందు, మాస్టిన్, బైండ్ల వాళ్ళను మనమే గడప అవతల నిలబెట్టి బియ్యం పోసి పంపినం. వాళ్ళు మన పురాణం మోసినవాళ్ళు. సంఘం మీటింగుల్లో వాళ్ళకు కుర్చీ లేకపోతే, గానసభను అడిగే ముఖం మనకు ఉండదు.

కాబట్టి చేయాల్సింది చెబుతున్నాం. కల్లు సీసాకు, గిద్దెడు బియ్యానికి డప్పు కొట్టుడు బంద్. కొడితే ముందే మాట్లాడుకున్న కూలికి, ఇష్టం ఉంటేనే. సభల ఆహ్వాన పత్రికల మీద పాడేవాళ్ళ పేర్లతో పాటు వాద్యం చేసినవాళ్ళ పేర్లు వేయమని అడగాలె. చెప్పులు, డప్పులు చేసే ఊళ్ళు కలిసి సహకార సంఘాలు కట్టి, గుర్తింపుకు దరఖాస్తు పెట్టాలె. బళ్ళల్లో డ్రాయింగ్, సంగీతం గంటలకు ఈ కళాకారులనే జీతమిచ్చి పిలవాలె.

అశోక్‌నగర్ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చదవండి, ఆ మార్కు తెచ్చుకోండి, ఆ ఉద్యోగం గుంజుకోండి. అయితే ఈ పండుగకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోండి. డప్పు మూసే తాత పేరు, ఆయన దరువులు, చెప్పులు కుట్టే పెద్దమ్మ పేరు, కిన్నెర మీటే మామ పేరు, ఊరు, ఏడు రాసుకొని రండి. రేపు సిలబస్ రాసే కుర్చీలో మీలో ఒకరు కూర్చుంటారు. అప్పుడు ప్రశ్న ‘ఏ కులం?’ అని ఉండొద్దు. ‘ఎవరు చేశారు, వాళ్ళ పేరేమిటి?’ అని ఉండాలె.

జై భీమ్!