నిద్ర మానుకుని కబుర్లా?

అమెరికాలో రెసిడెన్సీ (మన పీజీ లాంటిదే) ఇంటర్వ్యూకి ముందు అక్కడి జూనియర్ డాక్టర్లతో పిచ్చాపాటీ ఒకటుంటుంది. ఒకప్పుడు భోజనానికి పిలిచేవారు. 2020లో కోవిడ్ వచ్చాక చాలావరకు జూమ్‌లోనే. అక్కడ న్యూయార్క్ వైపు సాయంత్రం 7 అంటే, చలికాలంలో మనకి తెల్లవారుజామున 5.30.

"ఇష్టముంటేనే రమ్మన్నారుగా, పడుకోవే" అన్నాను మా అమ్మాయితో. వింటేనా! "ట్రైనింగ్‌లో ఉండగా పిల్లల్ని కన్నవాళ్లున్నారా? సెలవు దొరికిందా?" అని అడిగేస్తోంది. పైవాళ్ల చెవిన పడితే? నాకు ఒకటే దడ.

కానీ పెళ్లిచూపుల్లో పెద్దలు చెప్పేది వేరు, ఆ ఇంటి పెద్దకోడలు వంటింట్లో చెప్పేది వేరు కదండీ. ఒకచోట ఒకావిడ తన నైట్ డ్యూటీలు ఎవరెవరు పంచుకున్నారో పేరుపేరునా చెప్పింది. ఇంకోచోట అందరూ నీళ్లు నమిలారు. తనకి కావలసిన ఆసుపత్రులు వరసగా రాసిచ్చే జాబితాలో దాన్ని అడుక్కి తోసేసింది మా అమ్మాయి. ఇప్పుడు అలారం నేనే పెడుతున్నాను.