పిడికెడన్నము - విచారణ

1996 జూలైలో జపానుదేశమందలి సకాయి నగరమున బడిభోజనము తిన్న వేలకొలది బిడ్డలు ఓ157 అను సూక్ష్మజీవివలన పేగుల వ్యాధిపాలైరి, ముగ్గురు మరణించిరి. ఇట్టి వ్యాధి సాధారణముగా మూడునాలుగు దినములకుగాని బయటపడదు. అప్పటికి వంటపాత్రలు కడిగియుందురు. ప్రభుత్వము ముల్లంగి మొలకలపై తన యనుమానమును ప్రకటించినది. అనుమానించిన తోటలో ఆ సూక్ష్మజీవి కానరాలేదు, సాగుదారులుమాత్రము నష్టపోయిరి. వారి పరిహారపు వ్యాజ్యమున తుదకు 2004లో ప్రభుత్వమే ఓడినది.

సాక్ష్యములేని విచారణ బిడ్డలను కాపాడదు, నిర్దోషిని విడిపింపదు. వండిన పదార్థములలో కొంత రెండు వారములు గడ్డకట్టు చలిలో భద్రపరచుట నేడు జపాను బడులలో నియమము. మధ్యాహ్నభోజనము పెట్టు మన బడులన్నిటను అట్టి నియమము అక్షరాల అమలు జరుగవలెనని మేము కోరుచున్నాము. బిడ్డలు పోయినపిమ్మట సంతాపము తెలుపుటకన్న ముందుగా పిడికెడన్నము దాచుట మేలు గదా!