ఆసు యంత్రానికి అక్షర కవచం

భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న విద్యార్థి ఎదుట మన సమాజం ఉంచే దారులు రెండే. బి.ఎడ్. చేసి ఉపాధ్యాయుడు కావడం ఒకటి. చదివిన శాస్త్రాన్ని పక్కనబెట్టి పోటీ పరీక్షలకు కూర్చోవడం రెండవది. ఇంజనీరింగులో సీటు రాక డిగ్రీలో చేరాడన్న మాట వీటికి అదనం. వరంగల్లులో ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ చిన్నచూపు సమంజసంగా తోచదు. మూడవ దారి ఒకటి ఉన్నది. అది పేటెంటు రంగం.

కాజీపేట నుండి సికింద్రాబాదు వెళ్ళే దారిలో ఆలేరు వస్తుంది. ఆ పరిసరాల్లోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆపిన చేనేత కార్మికుడు. పోచంపల్లి చీర నేయాలంటే ముందుగా నూలును ఆసు పోయాలి. అర్ధవృత్తంగా అమర్చిన మేకుల చుట్టూ ఒక్కొక్క చీరకు వేలసార్లు చేయి ఆడిస్తూ దారాన్ని తిప్పాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజాలు పడే బాధను చూడలేక ఆయన ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. దానికి తల్లి పేరే పెట్టారు. ఆ యంత్రానికి పేటెంటు లభించింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది.

యంత్రాన్ని చేయడం ఒక విద్య, దానిని పత్రంగా రాయడం మరొక విద్య. మన దేశంలో పేటెంటు దరఖాస్తు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. మగ్గం ముందు కూర్చున్నవాడు చెప్పేది తెలుగు. దారం బిగువు, చక్రం వేగం, చేతి కదలిక అర్థం చేసుకొని, వాటిని చట్టం కోరే మాటల్లోకి మార్చేవాడు ఒకడు కావాలి. ఆ పత్రంలో క్లెయిములనే భాగం పొలానికి గట్టు వంటిది. మాట ఇరుకైతే పొరుగువాడు చిన్న మార్పు చేసి తప్పించుకుంటాడు. మరీ విశాలమైతే, ఇది పూర్వమే తెలిసినదంటూ హక్కు కొట్టివేస్తారు. దరఖాస్తు చేసిన నాటి నుండి ఇరవై ఏళ్ళు నిలవవలసిన హక్కు ఒక్క విశేషణం మీద ఆధారపడవచ్చు.

మెదకు సీమ వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదాన్ని చెప్పని నియమం పాటించాడు. పేటెంటు చట్టంలోనూ మొదట వెల్లడించని విషయాన్ని తరువాత సవరణ పేరిట చేర్చడానికి వీలులేదు. సాహిత్యం చదువుకున్నవాణ్ణి గనుక నాకీ పోలిక తోచింది. న్యాయవాదులు నవ్వినా సరే.

1970 నాటి పేటెంటు చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, విజ్ఞానశాస్త్రంలో పట్టా ఉన్న భారత పౌరుడు పేటెంటు ఏజెంటు పరీక్ష రాయవచ్చు. న్యాయశాస్త్ర పట్టా అక్కరలేదు. రెండు పత్రాలు, ఒక మౌఖిక పరీక్ష ఉంటాయి. కేంద్రప్రభుత్వంలో ఎగ్జామినర్ కావాలంటే భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఉండాలి. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళతాయి. ఐన్‌స్టీన్ 1902 నుండి 1909 వరకు బెర్న్ పేటెంటు కార్యాలయంలోనే పనిచేశాడు. అంతమాత్రాన ఆ కుర్చీలో కూర్చున్నవారందరికీ సాపేక్షత స్ఫురిస్తుందని ఆశించరాదు. ఇతరుల పత్రాలను రోజంతా చదివే పని ఇది, అందరికీ రుచించదు. ఏజెంటు పరీక్ష ఏటా తప్పక జరుగుతుందన్న భరోసా కూడా లేదు.

శాస్త్రం తెలిస్తే చాలు, భాషతో పనేమిటని మా భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రుడొకరు వాదిస్తారు. పసుపుతో గాయం మాన్పే పద్ధతికి అమెరికా 1995లో పేటెంటు ఇచ్చింది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన సంస్కృత గ్రంథాన్నీ, 1953 నాటి వైద్యపత్రికా వ్యాసాన్నీ సాక్ష్యంగా చూపగా 1997లో అది రద్దయింది. ఆ సాక్ష్యాన్ని వెదకి చదివినవారికి శాస్త్రమూ భాషా రెండూ తెలిసి ఉండాలి కదా!

మన నగరంలో కొత్తవాడ ఉన్నది, అక్కడ తివాచీలు నేసే మగ్గాలున్నాయి. బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి ప్రతి ఒక్కరూ ఒక మగ్గం వద్ద ఒక పూట కూర్చుని, అందులోని ఒక్క భాగం ఎలా పనిచేస్తుందో ఒక పుట రాయాలని నా సూచన. మొదట నేతగాడికి చదివి వినిపించడానికి తెలుగులో, ఆయన ఔనన్న తరువాత ఇంగ్లీషులో.